ఎర్రజుట్టు ఎదురొస్తే

జెర్సీ సిటీలో మా ఇంటి ఓనరమ్మ ఒక మే నెల ఒకటో తారీకున నాకు కప్పుడు పాలు ఇవ్వనంది.

ఆవిడ కింది వాటాలో ఉండేది. నేను పై వాటాలో అద్దెకున్నాను. ఆ శనివారం పొద్దున్న టీ పెట్టుకుందామని చూస్తే పాల క్యాన్ ఖాళీ. దుకాణం దాకా నడవడానికి బద్ధకమేసి, కప్పు పట్టుకుని కిందికి దిగాను. ఎప్పుడు వెళ్ళినా బిస్కెట్లు పెట్టకుండా పంపని మనిషి. ఎనభై దాటినా ఒంటి మీద ఇస్త్రీ మడత చెడనివ్వని మనిషి. ఆవేళ తలుపు సగమే తెరిచి, "రేపు రా, క్యాను క్యానే ఇస్తాను. ఇవాళ మాత్రం చుక్క కూడా బయటికి పోదు" అంది.

మే మొదటి రోజున పాలు గాని, ఉప్పు గాని, నిప్పు గాని గడప దాటిస్తే ఆ ఏడాది అదృష్టమంతా పట్టుకెళ్ళినవాళ్ళ వెంటే పోతుందట. ఆవిడ పుట్టింది ఐర్లండులో, సముద్రం ఒడ్డున ఏదో పల్లెలో. అక్కడ ఆ రోజున ఎవరైనా నిప్పుకోసం వస్తే వెన్న దొంగిలించే మంత్రగత్తె కిందే లెక్క కట్టేవాళ్ళట. మామూలు రోజుల్లో కూడా, వెన్న చిలుకుతుండగా ఎవరైనా వస్తే ఆ కవ్వం మీద ఒక్కసారి చెయ్యి వెయ్యాలి. వెయ్యకుండా పోయారంటే వెన్న వాళ్ళ వెంట పోయినట్టే.

నాకు కోపం రాలేదు, నవ్వొచ్చింది. దీపాలు పెట్టాక మా నాయనమ్మ పక్కింటివాళ్ళకి తోడుకి చెంచాడు పెరుగు కూడా ఇచ్చేది కాదు. ఈవిడ చర్చికి వెళ్తుంది, ఆవిడ మడి కట్టుకునేది, అంతే తేడా. మర్నాడు పొద్దున్నే నిజంగానే గుమ్మం ముందు పాల క్యాన్ పెట్టి ఉంది. అప్పట్నుంచి ఆవిడంటే నాకు ఇష్టం పట్టుకుంది.

ఆ ఇంటికి నేను ఎందుకొచ్చానో చెప్పకపోతే ఇదంతా అర్థం కాదు. మా ఆయన పోయి అప్పటికి మూడో ఏడు నడుస్తోంది. మంచు మీద కారు జారింది. అంతకన్నా చెప్పడానికేమీ లేదు. అప్పుడు మేము స్టేషన్ దగ్గర పెద్ద అపార్ట్‌మెంట్లో ఉండేవాళ్ళం. ఆ బిల్డింగ్ నిండా తెలుగువాళ్ళే. వాళ్ళు చేసింది చేయలేదంటే కళ్ళు పోతాయి. నెల రోజులు నేను పొయ్యి వెలిగించలేదు. మా ఇంటి ముందు డబ్బాలు వరస కట్టేవి. నన్ను ఆఫీస్‌కి దింపినవాళ్ళున్నారు, రాత్రి నా మంచం పక్కన చాప వేసుకుని పడుకున్నవాళ్ళున్నారు.

ఆ తర్వాత మెల్లిగా ఫోన్లు తగ్గాయి. అన్నీ కాదు. బర్త్‌డేలకి పిలిచేవాళ్ళు, తలో వంటా తెచ్చుకునే పాట్‌లక్‌లకి పిలిచేవాళ్ళు. సీమంతాలకీ, గృహప్రవేశాలకీ మాత్రం మర్చిపోయేవాళ్ళు. మర్నాడు ఫొటోలు చూసి నేను అడిగితే, "చాలా స్మాల్ ఫంక్షన్ అక్కా, అంతా లాస్ట్ మినిట్‌లో జరిగిపోయింది" అనేవాళ్ళు. లాస్ట్ మినిట్‌లో ఏడో నెల వచ్చేస్తుంది కాబోలు అనుకునేదాన్ని.

మా ఎదురు ఫ్లాట్‌లో ఒకమ్మాయి ఉండేది. ఆ చాప వేసుకుని పడుకున్నది ఆ అమ్మాయే. వాళ్ళు వీసా స్టాంపింగ్‌కని ఇండియా బయల్దేరుతుంటే, ఎయిర్‌పోర్ట్‌లో నేను డ్రాప్ చేస్తానన్నాను. "వద్దక్కా, మీకెందుకు ట్రబుల్, క్యాబ్ బుక్ చేసేశాం" అంది. సరే, దారిలో తింటారు కదా అని పులిహోర కలిపి, డబ్బా పట్టుకుని కింద లాబీలో నిలబడ్డాను. లిఫ్ట్ తలుపులు తెరుచుకున్నాయి. ముందు వాళ్ళ అత్తగారు, వెనక అమ్మాయి, మొగుడు, సూట్‌కేసులు. అత్తగారు నన్ను చూసింది. చెయ్యి చాపి ఏదో బటన్ నొక్కింది. తలుపులు మూసుకున్నాయి. లిఫ్ట్ పైకి పోయింది.

నాకు తెలుసు పైన ఏం జరుగుతోందో. ఇంట్లోకి వెళ్ళి, కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరతారు. ఆ మాత్రం శాస్త్రం మా ఇంట్లోనూ చూశాను. నేను డబ్బా సెక్యూరిటీ టేబుల్ మీద పెట్టి మెట్ల దారిన పైకి వచ్చేశాను. క్యాబ్ ఎక్కాక ఆ అమ్మాయి ఫోన్ చేసింది. "అత్తయ్యగారి సంగతి తెలుసుగా అక్కా. మాకైతే అలాంటి బిలీఫ్స్ ఏం లేవు. స్టాంపింగ్ టెన్షన్‌లో ఉన్నాం కదా అని..." అంది. నమ్మకం లేనివాళ్ళు మీరిద్దరూ లిఫ్ట్‌లో ఎందుకు పైకెళ్ళారు తల్లీ అని అడగాలనిపించింది. అడగలేదు. ఆ నెలాఖరుకి ఇల్లు మారాను.

అందుకే, ఓనరమ్మ శకునాల చిట్టా విప్పినప్పుడల్లా నేను చెవులు రిక్కించి వినేదాన్ని. ఇంట్లోకి పిట్ట దూరితే చావు. లేచినప్పుడు కుర్చీ పడితే కీడు. పసిబిడ్డని మెచ్చుకుని దేవుడి పేరు తలవకపోతే దిష్టి. పొలంలో ఒంటరిగా ఉన్న ముళ్ళచెట్టు నరికితే దాని కింద ఉండేవాళ్ళు ఊరుకోరు. ఎవరుంటారు దాని కింద అని అడిగితే, పేరు పెట్టి పిలవకూడదంటూ వేలు పెదాల మీద పెట్టుకునేది. మన పల్లెల్లో పాముని పురుగు అన్నట్టే ఇదీను అనుకునేదాన్ని.

ఒకరోజు నవ్వులాటకి అడిగినట్టు అడిగాను. "మొగుడు పోయినావిడ ఎదురొస్తే మీ ఊళ్ళో ఏమవుతుంది?"

ఆవిడకి ప్రశ్నే అర్థం కాలేదు. ఆవిడ మొగుడు పోయీ ఇరవై ఏళ్ళ పైనే అయింది. "ఏమవుతుంది? పాపం ఏదో పనిమీద పోతూ ఉంటుంది" అంది.

అంత మంచి మాట నేను ఆ మూడేళ్ళలో వినలేదు.

"అయితే మీ దగ్గర ఎవరొస్తే తప్పు?" అన్నాను.

"ఎర్రజుట్టు ఆడది" అంది ఆవిడ, ఇందులో అడగడానికేముందన్నట్టు. వాళ్ళ బాబాయి ఆవుని అమ్మడానికి సంతకి బయల్దేరి, దారిలో ఎర్రజుట్టు పిల్ల కనిపిస్తే ఆవుతో సహా ఇంటికొచ్చేసేవాడట. పడవ మీద చేపలకి పోయేవాళ్ళు వలలు దింపేసి వెనక్కి తిరిగేవాళ్ళట. ఆవిడ చెబుతుంటే కడుపు పట్టుకుని నవ్వాను. నా జుట్టు కాటుకలా నలుపు. ప్రపంచంలో ఒక మూల నేను ఏ పాపం ఎరగని మనిషిని.

ఆవిడకి ఒక కోడలుంది. రెండు వీధుల అవతల ఉండేది. కొడుకు ట్రక్కు నడుపుతాడు, నెలలో సగం రోజులు రోడ్డు మీదే. అత్తగారికి షుగరు. పొద్దున్నే వచ్చి ఇంజెక్షన్ చేసి, టిఫిన్ పెట్టి, స్కూల్ క్యాంటీన్‌లో పనికి పోయేది ఆ కోడలు. నా కన్నా పదిహేనేళ్ళు పెద్దది. ఎప్పుడు చూసినా తలకి ఉన్ని టోపీ. ఎండాకాలంలో కూడా తీసేది కాదు. ఒక్కొక్కరికి ఒక్కో అలవాటు అనుకున్నాను.

ఆ ఏడాది డిసెంబర్లో, క్రిస్మస్ వెళ్ళాక, ఓనరమ్మ నన్ను పిలిచి ఎదురుగా కూర్చోబెట్టుకుంది. "కొత్త సంవత్సరం పొద్దున్న మా ఇంట్లో మొదటి అడుగు నువ్వు పెట్టాలి" అంది. ఆ రోజు గడప దాటి లోపలికొచ్చే మొదటి మనిషిని బట్టి ఏడాదంతా నడుస్తుందట. నల్లజుట్టు మగవాడైతే శ్రేష్ఠం. మగదిక్కు లేనప్పుడు నల్లజుట్టయినా ఉండాలి. "నీ జుట్టంత నల్లటి జుట్టు ఈ వీధిలో లేదు" అంది. ఉత్త చేతులతో రాకూడదు. ఒక రొట్టె, ఒక బొగ్గుముక్క తేవాలి. బొగ్గు ఎక్కడ దొరుకుతుందండీ అంటే, బార్బెక్యూ బొగ్గయినా ఫరవాలేదంది.

పైకొచ్చి తలుపేసుకుని ఏడ్చాను. ఎవరో నమ్మే ఒక పిచ్చి నమ్మకానికి ఏడవడం ఏమిటని తిట్టుకున్నాను, అయినా ఆగలేదు. శకునాలు అబద్ధమని నాకు తెలియదా? తెలుసు. కానీ ఆ అబద్ధంలో ఒక్కసారైనా మంచి వైపు నిలబడాలని ఉండేది. ఒక్క గడపయినా నేను వస్తే బాగుంటుందని ఎదురుచూడాలి. నాకు కావలసిందల్లా అదే.

ఒకటో తారీకు పొద్దున్న తలంటుకున్నాను. ఇండియన్ స్టోర్‌లో కొన్న కుంకుడు పొడి వాసన ఇల్లంతా నిండింది. పెట్టె అడుగునుంచి పట్టుచీర తీసి కట్టుకున్నాను. దాన్ని కట్టి మూడేళ్ళు దాటింది. మీద కోటు, కాళ్ళకి మంచు బూట్లు, ఒక చేతిలో రొట్టె, ఇంకో చేతిలో కాగితంలో చుట్టిన బొగ్గు. అద్దంలో చూసుకుంటే నాకే నవ్వొచ్చింది. నా వాటా పక్క మెట్లు దిగి, వీధి వైపు వెళ్ళి, ఆవిడ గుమ్మం ముందు మెట్లెక్కబోయాను.

మెట్ల మీద కోడలు నిలబడి ఉంది. చేతిలో రేకు కాగితం కప్పిన గిన్నె. ముక్కు ఎర్రబడిపోయింది. భుజాల మీద మంచు పొడి పడి ఉంది, అంటే వచ్చి చాలాసేపే అయింది.

"తాళంచెవి మర్చిపోయారా?" అన్నాను.

"జేబులోనే ఉంది. నువ్వు లోపలికి వెళ్ళాలి ముందు. నీకోసమే చూస్తున్నాను" అంది. టోపీ అంచు కింద నుంచి ఒక పాయ బయటికొచ్చి ఉంది. ఎరుపు. నెరుస్తున్నా ఇంకా ఎరుపే.

నాకప్పుడు గాని తెలియలేదు. "టోపీ పెట్టుకునే ఉన్నారుగా" అన్నాను తెలివితక్కువగా.

"లోపలేముందో ఆవిడకి తెలుసుగా" అంది. తర్వాత, వాతావరణం గురించి మాట్లాడుతున్నట్టు చెప్పింది. పెళ్ళయిన దగ్గర్నుంచి ప్రతి జనవరి ఒకటికీ ఈ మెట్ల మీదే నిలబడుతోందట. ముందు మామగారు లోపలికి వెళ్ళేవాడు, తర్వాత మొగుడు. పోయినేడు మొగుడు ఊళ్ళో లేక, ఎవరూ దొరక్క, మధ్యాహ్నం దాకా నిలబడిందట. "అందుకే ఈసారి నీ సంగతి నేనే గుర్తుచేశాను. పైన అమ్మాయి జుట్టు నల్లగా ఉంది కదా, పిలవమని" అంది.

నా పట్టుచీర, నా తలంటు, నా ఏడుపు అన్నీ ఒక్కసారి చులకనైపోయినట్టు అనిపించింది. ఆమె మీద కాదు కోపం. ఆ తలుపు మీద. లాబీలో పులిహోర డబ్బాతో నిలబడ్డదాన్ని నేను. లిఫ్ట్ లోపల ఉన్నవాళ్ళ వైపు చేరడానికా ఇంత ముస్తాబు?

"మీరే ముందు పదండి, నేను వెనకాల వస్తాను" అన్నాను గట్టిగా.

ఆమె నా వైపు విసుగ్గా చూసింది. "ఇంజెక్షన్ టైము దాటిపోతోంది. ఆవిడ ఇంకా పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు. నీ పౌరుషం ఇంకో రోజు చూపిద్దువుగాని, ముందు లోపలికి నడు."

అడకత్తెరలో పోకచెక్కనైపోయాను. వెళ్ళాను. అలవాటు కొద్దీ కుడికాలే ముందు పెట్టాను.

ఓనరమ్మ కుర్చీలో నిటారుగా కూర్చుని ఉంది, మంచి గౌను వేసుకుని, ముత్యాలు పెట్టుకుని. నన్ను చూసి ఆవిడ మొహం వెలిగిపోయింది. నా రెండు చేతులూ పట్టుకుని ముద్దు పెట్టుకుంది. "ఇంట్లోకి అదృష్టం నడిచొచ్చిందమ్మా" అంది. మూడేళ్ళుగా ఆ మాట కోసం నేను మొహం వాచి ఉన్నాను. తీరా వచ్చేసరికి అది గొంతు దిగలేదు. నా వెనకాలే కోడలు వచ్చి, కోటు విప్పి, గిన్నె పొయ్యి మీద పెట్టి, అత్తగారి గౌను చెయ్యి పైకి మడిచి సూది గుచ్చింది. ఆవిడ ఆమె వైపు చూడనైనా లేదు.

అప్పుడు నా నోరు ఊరుకోలేదు. ఆవిడకి సిగ్గు తెప్పించాలనుకున్నాను. నా ఉద్దేశం అదే, ఇంకోటి కాదు.

"మా దేశంలో నాలాంటి మొగుడు పోయినదాన్ని చూస్తే బయల్దేరినవాళ్ళు వెనక్కి పోతారు" అన్నాను. "మీకు ఆమె జుట్టు ఎలాగో, మావాళ్ళకి నేను అలాగ. మరి నన్నెలా రానిచ్చారు?"

కోడలు సూది చేత్తో పట్టుకుని నా వైపు చూసి తల అడ్డంగా ఊపింది, అయ్యో ఎందుకన్నావే అన్నట్టు. ఓనరమ్మ మొహంలో సిగ్గు రాలేదు. ఆసక్తి వచ్చింది. కొత్త వంట పేరు విన్న మనిషిలా ముందుకు వంగింది.

"ఎప్పట్నుంచి ఉంది ఆ పట్టింపు?" అంది.

"ఎప్పట్నుంచో. ఎన్ని వందల ఏళ్ళో" అన్నాను. ఇంకా బుద్ధి రాలేదు నాకు.

"వందల ఏళ్ళా!" అంది. కాసేపు ఆలోచించింది. "అంతకాలం అంతమంది ఊరికే నమ్మరు కదమ్మా." నేను తెచ్చిన బొగ్గుముక్క టేబుల్ మీద ఆవిడ ముందే ఉంది. దాన్ని రెండు వేళ్ళతో మెల్లిగా దూరంగా జరిపింది.

కొరివితో తల గోక్కోవడం అంటారే, అది నేను చేసి చూశాను. నన్ను నిర్దోషిని చేసిన ఒక్క ఇంట్లోకీ మావాళ్ళ నేరాన్ని నేనే స్వయంగా మోసుకొచ్చి అప్పజెప్పాను.

ఆవిడ నాతో ఏమీ మారలేదు. అదే అసలు బాధ. బిస్కెట్లు అవే, పలకరింపు అదే. ఫిబ్రవరిలో వంటింట్లో నీళ్ళ మీద జారి మణికట్టు విరగ్గొట్టుకుంది. అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందని మన సామెత. నవ్వుకుందామనుకున్నాను గాని నవ్వు రాలేదు. చూడ్డానికి వెళ్తే, కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, నా చెంప నిమిరి, "నీ తప్పేం లేదులే తల్లీ" అంది.

ఎవరన్నారు నా తప్పని?

వేసవిలో ఆవిడ కంటి ఆపరేషన్‌కి వెళ్ళే రోజున కోడలు ముందుగా ఫోన్ చేసింది. "మేము కారెక్కేదాకా కాస్త పైనే ఉండు" అంది. సరేనన్నాను. కిటికీ దగ్గరికి కూడా వెళ్ళలేదు. ఏ రాయైతేనేం పళ్ళూడగొట్టుకోవడానికి అనుకున్నాను. మావాళ్ళయితే కనీసం సాకులు చెప్పేవాళ్ళు. ఈవిడ నన్ను ప్రేమగా దూరం పెట్టింది.

మళ్ళీ డిసెంబర్ వచ్చింది. పిలుపు రాలేదు. రాదని తెలుసు. అయినా ఒకటో తారీకు పొద్దున్న తలంటుకున్నాను. పిలవని పేరంటానికి పోవడమంటే అదే. మామూలు చీర కట్టుకుని, ఉత్త చేతులతో, పలకరించి వచ్చేద్దామని నాకు నేనే చెప్పుకుని దిగాను.

మెట్ల మీద కోడలుంది, గిన్నెతో.

"ఎవరికోసం?" అన్నాను.

"మూల మీద దుకాణం ఆయన. పాలు పట్టుకుని వస్తానన్నాడు."

గుజరాతీ ఆయన. నల్లటి మీసాలు, నల్లటి జుట్టు. అది రంగు వేసిన నలుపని వీధి వీధంతా తెలుసు. చెవుల దగ్గర వారానికోసారి తెల్లబడేది. "ఆయన జుట్టు నెరిసిందండీ, రంగేస్తాడు" అన్నాను, ఇంకా ఏదో ఆశతో.

"మగవాడు. పెళ్ళాం బతికే ఉంది" అంది ఆమె. పక్కకి జరిగి నాకు మెట్టు మీద చోటిచ్చింది. చలికి ఇద్దరం చేతులు చంకల్లో పెట్టుకుని నిలబడ్డాం. వీధిలో మనిషి అలికిడి లేదు. ఎంతసేపటికీ ఆయన రాలేదు. దుకాణం తెరిచి, సామాను సర్దుకుని, తీరుబడిగా రావాలి కదా.

"పోయినేడు తొందరగా లోపలికి పోయాను" అంది ఆమె ఉన్నట్టుండి, నా వైపు చూడకుండా. "నువ్వు నోరు మూసుకుని ఉంటే ఇవాళా పోయేదాన్ని."

నేను న్యాయం మాట్లాడాను. ఆ న్యాయానికి చలిలో నిలబడింది ఆమె.

చివరికి ఆయన వచ్చాడు, పాల క్యాన్ ఊపుకుంటూ. మా ఇద్దర్నీ చూసి, లోపల ఎవరైనా పోయారేమో అన్నట్టు మొహం పెట్టాడు. తలుపు తీసుకుని వెళ్ళాడు. లోపల ఓనరమ్మ నవ్వు వినిపించింది. ఆ తర్వాత మేము వెళ్ళాం, ముందు ఆమె, వెనక నేను. మా బూట్ల నుంచి మంచు రాలి తివాచీ తడిసింది.

ఓనరమ్మ మమ్మల్ని చూసి గభాలున లేవబోయింది. కట్టు విప్పినా ఇంకా సరిగా తిరగని ఆ చేత్తో నా చేతులు పట్టుకుని, ఒకటే రుద్దడం మొదలుపెట్టింది.

"అయ్యో, చేతులు మంచుముక్కలైపోయాయి" అంది. "అంత చలిలో బయట నిలబడడం ఎందుకమ్మా ఇద్దరూ?"

అందులో వేళాకోళం లేదు, దెప్పు లేదు. నిజంగానే తెలియక అడిగింది. లిఫ్ట్ బటన్ నొక్కిన ఆవిణ్ణి నేను ఎప్పుడో మర్చిపోయాను. ఈ ఒక్క మాటకి మాత్రం ఈ ముసలావిడని ఈనాటికీ క్షమించలేకపోతున్నాను.